విషసర్ప మందిరంలో మేజోళ్ళ పాము

గెడ్డపురం పురపాలక సంఘానికి సముద్రాల అవతలి నుంచి ఒక పాము కానుకగా వచ్చింది.

అది వచ్చిన తీరు చెప్పాలి. మురుగుకాలవల మీద అధ్యయనం చేయడానికి పాలకవర్గం వారు ఆ మధ్య విదేశం వెళ్ళారు. కాలవల సంగతేమో గానీ, అక్కడొక చిన్న ఊరితో స్నేహ ఒప్పందం చేసుకొచ్చారు. మనవాళ్ళు ఆ ఊరికి ఒక ఇత్తడి ఏనుగును పంపారు. వాళ్ళు కూడా మర్యాద తప్పకుండా, తమ ఊరి చిహ్నం మీద ఉండే పామును ప్రాణంతోనే గాలిచిల్లుల పెట్టెలో పెట్టి పంపారు. పేరు గార్టర్ పాము. గార్టరంటే ఏమిటా అని ఆరా తీస్తే, మేజోడు కిందికి జారకుండా పిక్కకు కట్టుకునే పట్టీ అని తేలింది. పాము ఒంటి మీది పసుపుపచ్చ చారలు అచ్చం ఆ పట్టీల్లా ఉంటాయట. ఇంకేం, ఊరంతా దాన్ని మేజోళ్ళ పాము అనడం మొదలుపెట్టింది.

పెట్టె తిన్నగా వచ్చి కింతలి సన్యాసిరావు బల్ల మీద కూర్చుంది. ఆయన మున్సిపల్ జంతుప్రదర్శనశాల సూపరింటెండెంటు. అంతకుముందు నీటిపన్ను విభాగంలో ఉండేవాడు. పన్ను కట్టనివాళ్ళ కుళాయిలు బిగించాల్సి వచ్చినప్పుడల్లా ఆ ఇంటి ఇల్లాలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఈయనకూ వచ్చేవి. అందుకని ఇక్కడికి బదిలీ చేశారు. జింకలకూ నెమళ్ళకూ త్వరలోనే అలవాటుపడ్డాడు గానీ, పామంటే మాత్రం చచ్చే భయం. ఇంట్లో పొట్లకాయ కూర వండినా కంచం అవతలికి నెట్టేసే మనిషి.

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రదర్శనశాలలో ‘విషసర్ప మందిరం’ కట్టడం పూర్తయింది. నున్నటి రాతి గచ్చు, అద్దాల గదులు, గుమ్మం మీద పడగ విప్పిన సిమెంటు నాగు. ప్రారంభోత్సవానికి మంత్రిగారు వస్తానన్నారు, శిలాఫలకం చెక్కారు. లేనిదల్లా విషసర్పం. నాగుపామును ఉంచుకోవాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. మందిరం ప్రారంభమైతే గాని అనుమతి సంగతి పరిశీలించలేమని అటవీశాఖ వారన్నారు. పాము లేకుండా ప్రారంభమెట్లా అని పురపాలకులన్నారు. అలా ఇరుపక్షాల వారూ సంతృప్తిగా ఉన్న సమయంలో మేజోళ్ళ పాము దిగింది.

కమిషనరు విశ్వంభరం గారు సన్యాసిరావును పిలిపించారు. ఆయన మామూలు మాట కూడా ఉత్తర్వులాగే మాట్లాడతారు.

“సన్యాసిరావు గారూ, మందిరం సిద్ధముగా నున్నది. పాము సిద్ధముగా నున్నది. ఇక విషము మాత్రమే తేలవలసి యున్నది. సాయంత్రంలోగా తేల్చి పంపండి.”

సన్యాసిరావు పరుగున పశువైద్యురాలు హైమవతి దగ్గరికి వెళ్ళాడు. ఆమె ఆ ఏడే ఉద్యోగంలో చేరింది. పామును మెడ దగ్గర సుతారంగా పట్టుకుని నోరు తెరిచి చూస్తోంది. సన్యాసిరావు గుమ్మం బయటే ఆగిపోయాడు.

“అమ్మా, దీనికి విషం ఉందా?”

“కొద్దిగా ఉందండి. లాలాజలంలో ఉంటుంది. కప్పనో చేపపిల్లనో మత్తెక్కించడానికి సరిపోతుంది. మనిషికైతే కాస్త దురద. అంతే.”

“అంటే ఉన్నట్టా, లేనట్టా?”

“ఉంది గానీ, మన వరకు లేనట్టేనండి.”

“అలా చెబితే ఎలా తల్లీ? కమిషనరు గారికి నేనేమని రాయాలి?”

“నేను చెప్పిందే రాయండి.”

ఆయన అదే రాశాడు. ‘విషము కొద్దిగా కలదు. మనుష్యులకు ప్రమాదము లేదు.’ కమిషనరు గారు అది చదివి, మొదటి వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీశారు. రెండో వాక్యం అనవసర విస్తరణ అని కొట్టేశారు. ‘కొద్దిగా’ అన్న మాట దగ్గర కాసేపు ఆలోచించి, పరిమాణవాచకాలు ఇంజనీరింగు విభాగం పరిధిలోనివి కనుక దాన్నీ తీసేశారు. మిగిలింది ‘విషము కలదు.’

మంత్రిగారు వచ్చారు, రిబ్బను కత్తిరించారు, అద్దం దగ్గరికి వంగి పామును చూశారు. పాము ఆయన్ను చూసి నాలుక ఆడించింది. “ప్రపంచస్థాయి విషాన్ని మన గెడ్డపురం ముంగిట్లోకి తీసుకొచ్చాం” అని మంత్రిగారు ప్రకటించగానే చప్పట్లు మోగాయి. అద్దం మీద బోర్డు తగిలించారు: ‘అత్యంత ప్రమాదకర విదేశీ విషసర్పము. అద్దము తట్టరాదు.’

జనం విరగబడ్డారు. తీరా వచ్చాక పాము తినేది వానపాముల్ని అని చూసి కొందరు పెదవి విరిచారు. “ఇంత విషం పెట్టుకుని దీనికి వానపాములేమిటి?” అని ఒకాయన నిలదీశాడు. గేటు కాపలాదారు గవరయ్య, ప్రదర్శనశాల పరువు పోకుండా, “ఇసం ఘాటుగా ఉంటాది గదా బాబూ, సప్పటిది నంచుకుంటాది” అని సర్దిచెప్పాడు.

మేత పెట్టే మనిషి సెలవు పెట్టడంతో ఆ పని సన్యాసిరావు మీద పడింది. మొదట్లో కళ్ళు మూసుకుని, బారెడు పటకారుతో వానపామును లోపలికి జారవిడిచి వచ్చేసేవాడు. ఆ తరవాత ఒక కన్ను తెరిచాడు. ఇంకొన్నాళ్ళకు రెండోది కూడా తెరిచాడు. పాము ఆయన అడుగుల చప్పుడుకే తల ఎత్తి, అద్దం దగ్గరికి వచ్చి కూర్చునేది. అది తన మీద ప్రేమో, వానపాముల మీద ప్రేమో ఆయన తేల్చుకోలేకపోయాడు. తేల్చుకోవాలనీ అనిపించలేదు. ఒకరోజు “ఏమే, ఆకలేస్తోందా?” అని తన నోటే పలకడం విని, తనే ఉలిక్కిపడి చుట్టూ చూశాడు.

నాగులచవితి వచ్చింది. ఊళ్ళో పుట్టలన్నీ ఇళ్ళ స్థలాలైపోయి చాలాకాలమైంది. ఆడవాళ్ళు చలిమిడి, చిమ్మిలి, పాలచెంబులు పట్టుకుని విషసర్ప మందిరానికి వరసకట్టారు. అద్దం మీద పాలు పోయబోతుంటే హైమవతి అడ్డుపడింది. “అమ్మా, పాము పాలు తాగదు. తడిస్తే జబ్బు చేస్తుంది” అంది. వాళ్ళు వినలేదు, పైగా ప్రతినిధి బృందంగా వెళ్ళి కమిషనరు గారికి విన్నవించుకున్నారు. ప్రజల మనోభావాలను దృష్టిలో ఉంచుకుని ఇంజనీరు గారు పాము గది అడుగున, గోడకు, ‘పాలు పోయు రంధ్రము’ ఒకటి తొలిపించారు. పాలన్నీ పాము జోలికి పోకుండా తిన్నగా బయటి కాలవలోకి పోయే ఏర్పాటు. భక్తులు, పాము, కాలవలోని కప్పలు అందరూ సుఖపడ్డారు.

ఇలా సజావుగా సాగుతున్న సంసారంలోకి ఆరోగ్యాధికారి త్రిపురాంతకం గారు తనిఖీకి వచ్చారు.

“విషసర్పమున్న చోట దాని విరుగుడు మందు నిల్వ ఉండవలెను. నిబంధన. మందేదీ?”

మందు కోసం దేశంలోని కంపెనీలన్నింటికీ రాశారు. విదేశానికీ రాశారు. అన్నిచోట్ల నుంచీ ఒకటే జవాబు: ఈ పాము కాటుకు మందు లేదు, ఎవరూ తయారుచేయరు. ఎందుకంటే ఇంతవరకు దానివల్ల ఎవరూ చనిపోలేదు.

త్రిపురాంతకం గారు జవాబు మొదటి సగం చదివి ముఖం తుడుచుకున్నారు. రెండో సగం దాకా పోలేదు.

“మందు లేదు! అర్థమవుతోందా సన్యాసిరావు గారూ? నాగుపాముకు మందుంది. కట్లపాముకు మందుంది. రక్తపింజరికి మందుంది. మందే లేని విషం దీనిదొక్కటే! అంటే ఆ మూడింటినీ మించిందన్నమాట.”

“అది కాదండీ, అవసరం లేక తయారుచెయ్యలేదుట.”

“అవసరం వచ్చాక తయారుచేస్తే ఎవరికండీ లాభం?”

మర్నాటికి మందిరం చుట్టూ ముళ్ళకంచె లేచింది. పక్క వీధి బడికి సెలవిచ్చారు. ఆ అద్దం మీదికి మంత్రిగారు వంగారన్న సంగతి గుర్తొచ్చి కమిషనరు గారికి చెమటలు పట్టాయి. వారాంతానికి ఉత్తర్వు వచ్చింది: ‘ప్రజాక్షేమము దృష్ట్యా సదరు సర్పమును మానవీయ పద్ధతిలో నిర్మూలించవలెను.’

సన్యాసిరావు ఆ కాగితం పట్టుకుని పాము గది దగ్గరికి వెళ్ళాడు. అది మామూలుగా తల ఎత్తి వచ్చి కూర్చుంది. కుళాయి బిగించడానికి వెళ్ళిన ఇళ్ళ ఇల్లాళ్ళు గుర్తొచ్చారు ఆయనకు. ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేరుగా కమిషనరు గారి గదిలోకి నడిచాడు. చీటీ లోపలికి పంపకుండా నడవడం ఆయన సర్వీసులో అదే మొదలు.

“అయ్యా, ఆ పాముకు విషం లేదండి.”

“లేదా? విషము లేని పామును విషసర్ప మందిరంలో పెట్టి మంత్రివర్యులచే ప్రారంభింపజేసితిరా? అది మోసమండీ. మీ ఉద్యోగం ఉంటుందా?”

“అయితే విషం ఉందండి. కొద్దిగా.”

“ఉన్నచో నిర్మూలించవలెను.”

“అయ్యా, ఉన్నా చంపాలి, లేకపోయినా నా ఉద్యోగం పోవాలి. పాపం పాము ఏం చేసింది?”

విశ్వంభరం గారు చెడ్డమనిషి కాదు. ఆయన కూడా ఆ పామును ఇద్దరు మనవలకు చూపించుకున్నవారే. కళ్ళజోడు తీసి, తుడిచి, కాస్త మామూలు భాషలోకి దిగారు. “ఒక పని చేద్దాం. సంఘం వేస్తాను. సంఘం వేస్తే ఏదీ తొందరగా చావదు.”

‘విష నిర్ధారణ సంఘం’ ఏర్పడింది. త్రిపురాంతకం గారు అధ్యక్షులు. ఇంజనీరు, న్యాయ సలహాదారు, కాలేజీ తెలుగు లెక్చరరు సభ్యులు. లెక్చరరు గారు విషము అన్న పదానికి నీరనే అర్థం కూడా ఉందనీ, ఆ లెక్కన విషం లేని జీవి లోకంలో లేదనీ మొదటి సమావేశమంతా వివరించారు. ఇంజనీరు గారు లీటరుకు ఎంతో చెబితే తప్ప సంతకం పెట్టనన్నారు. న్యాయ సలహాదారు, నిందితురాలి వాంగ్మూలం లేనిదే ముందుకు పోకూడదన్నారు. హైమవతి తన దగ్గరున్న పుస్తకం తెరిచి వివరించబోతే, “మీరు పశువైద్యులు. పాము పశువా?” అని అధ్యక్షులవారు ఆపేశారు.

ఆఖరికి తేలిందేమిటంటే, ఎవరినన్నా ఒకరిని కరిపిస్తే గాని విషయం తేలదు. ఆ ఒకరు ఎవరన్న ప్రశ్నకు మాత్రం సభలో అందరూ ఎవరి కాగితాలు వాళ్ళు చూసుకున్నారు. దినకూలీలను కరిపించరాదు, వారు సంస్థ ఉద్యోగులు కారు. సభ్యులు కరిపించుకోరాదు, వారు న్యాయనిర్ణేతలు.

“నేను కరిపించుకుంటానండి” అన్నాడు సన్యాసిరావు.

అన్నాక గబుక్కున దగ్గరున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. హైమవతి దగ్గరికొచ్చి, “ఏమీ కాదు సార్, నన్ను రెండుసార్లు కరిచింది” అని గొణిగింది. “తెలుసమ్మా. నీ మాట నాకు నమ్మకమే. నా కాళ్ళకే నమ్మకం లేదు” అన్నాడాయన.

కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి గదిలో పెట్టాడు. పాము దగ్గరికొచ్చి వాసన చూసింది. వానపాము తెచ్చాడేమోనని అరచేయంతా వెతికింది. ఎంతకీ కరవదే! సభ్యులు గడియారాలు చూసుకున్నారు. చివరికి గవరయ్య చిట్కా మీద, చూపుడువేలికి వానపాము రాసి మళ్ళీ పెట్టారు. అప్పుడు మాత్రం చటుక్కున పట్టుకుంది. చప్పరించి, పొరపాటు గ్రహించి, వదిలేసింది.

సన్యాసిరావు కళ్ళు తెరిచాడు. వేలి మీద గుండుసూది మొనంత గీతలు. కాస్త దురద. ఇంతేనా? ఇన్నేళ్ళూ తాను భయపడింది ఇందుకా! ఆయనకు ఒళ్ళంతా తేలికైపోయింది.

“నాలుక మందమైందా?” అన్నారు అధ్యక్షులు.

“లేదండి.”

“కళ్ళు బైర్లు కమ్ముతున్నాయా?”

“కళ్ళజోడు తీశానండి, అందుకే కాస్త...”

“రాసుకోండి, కాస్త కమ్ముతున్నాయి.”

సాయంత్రం దాకా కూర్చోబెట్టి చూశారు. ఆయన రెండుసార్లు టీ తాగి, ఒక కునుకు తీసి లేచాడు. సంఘం తలుపులు మూసుకుని చర్చించింది. మనిషి బతికున్నాడు. కారణాలు రెండే ఉండాలి. పాముకు విషం లేకపోవాలి, లేదా మనిషికి విషం ఎక్కకుండా ఉండాలి. మొదటిది ఒప్పుకుంటే శిలాఫలకం, మంత్రిగారు, బోర్డు, కంచె అన్నీ అబద్ధాలవుతాయి. రెండోది ఒప్పుకుంటే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. సంఘం ఏకగ్రీవంగా రెండోది ఒప్పుకుంది.

‘సదరు సర్పము విషసర్పమే. సదరు సూపరింటెండెంటు శరీరమందు దాని విరుగుడు సహజముగా కలదు. కావున మందు నిల్వ నిబంధన నెరవేరినది. సర్పమును నిర్మూలించనక్కరలేదు.’

పాము బతికింది. సన్యాసిరావు మందైపోయాడు.

ఆరోగ్యశాఖ వారి మందుల జాబితాలో ఆయన పేరు ఎక్కింది. గడువు తేదీ అన్న చోట పదవీ విరమణ తేదీ వేశారు. మందును చల్లని ప్రదేశంలో ఉంచవలెనన్న నిబంధన ప్రకారం ఆయన గదికి ఏసీ పెట్టారు. అది తగ్గించడానికి వీల్లేదు గనక ఆయన చెవులకు మఫ్లరు చుట్టుకుని కూర్చునేవాడు. ఎండ తగలరాదని పగలు ఆవరణలో తిరగనివ్వలేదు. కుదుపు తగలరాదని స్కూటరు మాన్పించారు. ఊరు దాటి పోవడానికి అసలు లేదు.

“మా చెల్లెలి మనవడి బారసాలకైనా రారా?” అంది ఇంట్లో భార్య కనకం.

“మందు ఊరు దాటకూడదే.”

“బాగుంది సంబడం! వాడకముందు సీసా బాగా కుదపమని రాసుంటుంది గదా, అదీ చేస్తారేమో కనుక్కున్నారా?” అంటూ ఒక్కతే బస్సెక్కింది.

ఇంతలో హైమవతి పరుగెత్తుకుంటూ ఏసీ గదిలోకి వచ్చింది. “సార్, పిల్లలు పెట్టింది!”

వచ్చేటప్పుడే కడుపుతో వచ్చిందట. గదినిండా పుల్లల్లాంటి చారల పిల్లలు. లెక్కపెట్టబోతే జారిపోతున్నాయి. త్రిపురాంతకం గారు మొదట నమ్మలేదు. పాములు గుడ్లు పెట్టవలెనన్నారు. నమ్మాక మాత్రం లేచి నిలబడ్డారు. “ఒక పాముకు ఒక సన్యాసిరావు. మరి ఇన్నిటికి?” ప్రతి పిల్లకూ ఒక ఉద్యోగి చొప్పున కరిపించి మందు తయారుచేయాలని ప్రతిపాదన తయారైంది. ఆ మధ్యాహ్నానికి పురపాలక కార్యాలయం ఖాళీ. అందరికీ ఒకేసారి జ్వరాలు వచ్చాయి.

ప్రతిపాదన మీద సంతకం కాకముందే సమస్య తనంతట తాను బయటికి నడిచిపోయింది. తొలిచినప్పుడు గోడకు పడిన సన్నటి పగులులోంచి పాలు పోయు రంధ్రములోకి దూరి, పిల్లలన్నీ ఒకదాని వెనక ఒకటి కాలవ దాకా పోయాయి. కొన్నిటిని హైమవతి పట్టుకుంది గానీ, కొన్ని గేటు అవతలి వీధిలో తేలాయి. ఊరు గగ్గోలెత్తింది. మందులేని విషసర్పాలు వీధిన పడ్డాయని తలుపులు బిగించుకున్నారు, మంచాలెక్కి కూర్చున్నారు, సంత ఆగిపోయింది. అరిచి చెప్పి చెప్పి హైమవతి గొంతు పోయింది.

కమిషనరు విశ్వంభరం గారు ఆ రోజు నిజంగా గొప్పవారనిపించుకున్నారు. గంటలో ప్రకటన రాయించి, ఆటోకు మైకు కట్టించి ఊరంతా చదివించారు. ‘ప్రజలకు తెలియజేయునది. ప్రదర్శనశాల ప్రహరీగోడకు వెలుపల కనిపించు మేజోళ్ళ పాములు విషరహితములు. ప్రహరీకి లోపల ఉన్నవి మాత్రము విషసర్పములు. ప్రజలు ఈ తేడాను గమనించగలరు.’

ప్రజలు గమనించారు. మంచాలు దిగారు.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర ఆకుకూరలమ్మే అసిరమ్మ కేకేసింది. సన్యాసిరావు మఫ్లరుతో బయటికొచ్చాడు. ఆమె తోటకూర కట్టలోంచి ఒక పాముపిల్లను రెండు వేళ్ళతో పట్టుకుని చూపించింది.

“ఇది మీదే గదా బావూ? పొద్దున్నించీ ఆకుల్లో దూరి బేరాల్ని బెదరగొడతంది.”

ఆయన గేటు మధ్య నిలబడి చెయ్యి చాచాడు. పిల్ల అరచేతిలో పడి, అటూ ఇటూ చూసి, బొటనవేలిని కొరికింది. చీమ కుట్టినంత కూడా లేదు.

గవరయ్య మాత్రం గుండె బాదుకున్నాడు. “సార్, కదలకండి! ఒక కాలు లోపలుంది, ఒక కాలు బయటుంది. ఇసం ఉన్నట్టో లేనట్టో కమిషనరు గారొచ్చి సెప్పిందాకా ఎక్కనివ్వకండి!”

సన్యాసిరావు తన కాళ్ళవైపు చూసుకున్నాడు. ఆయనకు నవ్వొచ్చింది. నవ్వి నవ్వి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. మఫ్లరు విప్పి గవరయ్య భుజం మీద వేశాడు. లోపలున్న కాలు కూడా తీసి బయటపెట్టి, పిల్లను అరచేతిలోనే పెట్టుకుని, అసిరమ్మ పక్కన గట్టు మీద కూర్చున్నాడు. పొద్దుటి ఎండ వీపు మీద వెచ్చగా తగిలింది.

“సార్, మరి లోపల మందో?” అన్నాడు గవరయ్య దీనంగా.

“అన్నం తిన్నాక వస్తుందని చెప్పు” అన్నాడు సన్యాసిరావు.